క్వారీ మట్టి చేలో పడుతోంది, వానదే తప్పంటున్నారు

ప్రశ్న: అయ్యా, మాది అనంతపురం జిల్లా. కొండ కింద నాలుగెకరాల ఎర్రనేల, శెనక్కాయ వేస్తాం. చేనికి ఎగువన మూడేళ్ల కిందట గ్రావెల్ క్వారీ పెట్టారు. రెండేళ్లుగా గట్టి వాన పడితే చాలు, అక్కడి బురద, గరుసు కొట్టుకొచ్చి చేలో మేట వేస్తున్నాయి. గట్లు తెగాయి, పక్కనున్న వంక పూడిపోయింది. అడిగితే ‘లీజుంది, అనుమతులున్నాయి, వాన నీళ్లు పల్లానికి రాక ఎక్కడికి పోతాయి?’ అంటున్నారు. క్వారీ వైపు పెద్ద కట్ట పోసుకోమని ఊళ్లో చెబుతున్నారు. పోసుకోవచ్చా? పరిహారం వస్తుందా? పేరు, ఊరు రాయొద్దని మనవి.

జవాబు: ముందు కట్ట సంగతి. తొందరపడి పోయకండి. పక్కపక్క భూముల మధ్య దారి, నీరు లాంటి హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 7 ప్రకారం, ఎగువ భూమి మీద పడి సహజంగా పారే వాన నీటిని దిగువ రైతు రానివ్వాలి. మీరు కట్ట పోస్తే నీళ్లు ఎగదన్ని పక్క రైతు చేలో పడతాయి. అప్పుడు కోర్టులో జవాబు చెప్పుకోవలసింది మీరే.

క్వారీ వాళ్ల వాదనకు ఉన్న బలమంతా ఈ సెక్షనే. కానీ అది కాపాడేది కొండ మీద తనంతట తాను పారే నీటిని. పొదలు కొట్టేసి, పైమట్టి గీకి, వృథా మట్టిని కుప్పలు పోసి, టిప్పర్ల బాట వేశాక, ఆ బాట వెంట ఒక్క ధారగా దిగే బురదకు ఆ రక్షణ లేదు. వంక నీటి దిశనూ వేగాన్నీ చెప్పుకోదగినంతగా మార్చకూడదని కూడా అదే సెక్షన్‌లో ఉంది.

‘అనుమతులున్నాయి’ అన్న మాటకు మీరు భయపడనక్కర్లేదు. మీ చేతికి దొరికే గట్టి ఆయుధం ఆ అనుమతి పత్రాలే. గ్రావెల్ చిన్నతరహా ఖనిజం. అయిదు హెక్టార్ల లోపు లీజులకైనా పర్యావరణ అనుమతి ఉండాలని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో చెప్పింది. ఆ అనుమతితో పాటు షరతులొస్తాయి. పై నుంచి వచ్చే నీరు గుంతలోకి దిగకుండా చుట్టూ కాలువ, దాన్నే గార్లాండ్ డ్రెయిన్ అంటారు. మట్టి కుప్పల అడుగున రాతి గోడ. బయటికి పోయే నీటిలో మట్టి అడుక్కి దిగేందుకు సెటిలింగ్ ట్యాంకు. వానాకాలానికి ముందు వీటి పూడిక తీయడం. సాధారణంగా ఇవన్నీ ఆ పత్రంలో ఉంటాయి. కాగితం మీద ట్యాంకు ఉండి, అక్కడ అది అంచుదాకా మట్టితో నిండి ఉంటే లేనట్టే లెక్క, నీళ్లు ఆగకుండా పై నుంచే పోతాయి.

షరతులు ఎంతవరకు పాటించారో ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న లీజుదారు నివేదిక ఇవ్వాలి. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం అది ఎవరైనా చూడదగిన పత్రం. పర్యావరణ అనుమతి, మైనింగ్ ప్లాన్, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి పత్రం, ఈ నివేదికల నకళ్లు కావాలని జిల్లా గనుల శాఖకూ, మండలికీ సమాచార హక్కు కింద వేరువేరుగా దరఖాస్తు పెట్టండి. జిల్లా కార్యాలయాల్లో ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ‘కాలువ తవ్వాం’ అని నివేదికలో రాసి, అక్కడ కాలువే లేకపోతే మీ కేసు సగం నిలబడినట్టే.

మిగతా సగం సాక్ష్యం. అది ఆరిపోకముందే పట్టుకోవాలి. వాన పడుతుండగానే వంకలో రెండు చోట్ల నీళ్లు పట్టండి: క్వారీకి ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా. పట్టేటప్పుడు వీడియో తీయండి, పక్కన ఇద్దరు సాక్షులుండాలి. రెండూ కదపకుండా ఒక రాత్రి ఉంచితే ఏ నీటిలో ఎంత మట్టి దిగిందో కంటికే కనిపిస్తుంది. ల్యాబు నివేదికకు ఇది సాటి రాదు. అయినా ‘ఆ బురద కొండదే, మాది కాదు’ అన్న మాటకు తొలి జవాబు ఇదే. మండలి అధికారులను నమూనా తీయమని రాతపూర్వకంగా అడగడానికీ ఆధారమవుతుంది. వీడియో తీసిన ఫోన్ అమ్మేయకండి, వీడియోను కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి 2023 నాటి కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) సెక్షన్ 63 కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌కు అది అవసరం. వ్యవసాయ అధికారితో పంట నష్టం రాయించండి, సర్వేయరుతో మేట పడిన మేర కొలిపించండి. ఆ రోజు మండల వర్షపాతం లెక్క కూడా తీసుకోండి. అనంతపురంలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. అందులోనూ సెప్టెంబరు, అక్టోబరు గట్టి వానలు అందరూ ఎదురుచూసేవే. ఏటా వచ్చే వానను దైవఘటన అంటే చెల్లదు.

పరిహారానికి వెళ్లాల్సింది పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు, చెన్నైలోని దాని దక్షిణ బెంచికి. సివిల్ కోర్టులో వేస్తే అధికార పరిధి మీదే అభ్యంతరం లేస్తుంది. ఇక్కడ గడువు జాగ్రత్త. ట్రైబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద వేస్తే ఆరు నెలలే, అదీ దావాకు కారణం మొదట పుట్టిన రోజు నుంచి. మీకు రెండేళ్లు దాటాయి. సెక్షన్ 15 కింద పరిహారానికీ, పాడైన భూమిని తిరిగి బాగుచేయించడానికీ అయిదేళ్లు ఉంది, అందులో వేయించండి. పంట నష్టం, నేల నష్టం రెండూ అడగవచ్చు. ఫీజు అడిగే మొత్తంలో ఒక శాతం, కనీసం 1000 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. వకీలు ఖర్చు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి.

పూడిన వంకకు ఇంతకాలం ఆగక్కర్లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఆర్డీఓకు అర్జీ పెట్టి, ‘అడ్డు తీయండి, లేదా ఎందుకు తీయరో వచ్చి చెప్పండి’ అనే షరతు ఉత్తర్వు కోరవచ్చు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే వంక కూడా 1974 నీటి కాలుష్య చట్టం లెక్కలో ప్రవాహమే. ‘నీళ్లే లేని వంకకు కాలుష్యమేమిటి?’ అని ఎవరైనా అంటే సెక్షన్ 2 చూపించండి.

ఈలోగా రాజీకి పిలవవచ్చు. వెళ్లండి, తప్పు లేదు. కానీ తెల్లకాగితం మీద సంతకం పెట్టవద్దు. ‘ఇకమీదట ఏ నష్టమూ అడగను’ అన్న వాక్యం ఉంటే డబ్బు ముట్టుకోవద్దు. ఈ పంటకు ఎంత, మేట ఎవరు ఎప్పటిలోగా తీస్తారు, ట్యాంకు ఎక్కడ కడతారు, ఏటా పూడిక ఏ తేదీలోగా తీస్తారు, ఇవన్నీ సర్వే నంబర్లతో సహా రాయించి, మీ వకీలుకు చూపించాకే సంతకం పెట్టండి.