హాస్టల్ అడ్వాన్స్: మీకు మిగిలింది రెండు నెలలే

ప్రశ్న: మాది టెక్కలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకునే మా అమ్మాయికి యూనివర్సిటీ హాస్టల్లో సీటు రాక, విశాఖ చినవాల్తేరులో ఒక ప్రైవేటు హాస్టల్లో చేర్చాను. అడ్వాన్స్ 15,000 రూపాయలు. ఏడాది మధ్యలో నెలకు 6,500 ఉన్న ఫీజును 8,000 చేశారు. కట్టలేక ఖాళీ చేయించాను. 22 నెలలైంది. 'కొత్త అమ్మాయి చేరగానే ఇస్తాను' అంటూ తిప్పుతున్నారు. యజమాని మా అమ్మాయితో అసభ్యంగా ప్రవర్తించాడని పోలీసులకు ఫిర్యాదు ఇస్తే మర్నాడే డబ్బు వస్తుందని తెలిసినవారు అంటున్నారు. ఇవ్వమంటారా?

జవాబు: మూడు పేజీల ఉత్తరంలో చేసిన అప్పులన్నీ రాశారు గానీ, గది ఖాళీ చేసిన తేదీ రాయలేదు. మీ కేసు ఆ తేదీ మీదే ఆధారపడి ఉంది.

భోజనం, వసతి కలిపి డబ్బుకు ఇచ్చే హాస్టల్ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం 'సేవ'. కనుక వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కానీ 69వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపే ఫిర్యాదు వేయాలి. ఖాళీ చేసిన రోజు నుంచే లెక్క వేసుకోండి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. అయితే 'ఇస్తాను, ఇస్తాను' అన్న మాటను నమ్మి కూర్చున్నామన్నది తగిన కారణమని ఒప్పించడం కష్టం. నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు. 22 నెలలు ఒక్క కాగితమైనా రాయకుండా ఫోన్ల మీదే గడపడం మీ తప్పే.

ఫీజు పెంపును ముందుకు తేకండి. ఏడాది పొడవునా అదే ఫీజని వారు రాసిచ్చిన కాగితం మీ దగ్గర లేదు. అడ్వాన్స్ వాపసు ఒక్కటే అడగండి. చేరినప్పటి దరఖాస్తు వెనుక 'నెల ముందు చెప్పాలి' అని ఉంటే, ఆ మేరకు కోత పడవచ్చు.

అసభ్య ప్రవర్తన ఫిర్యాదు మాట ఇంకెప్పుడూ ఎత్తకండి. జరగనిది జరిగిందని పోలీసులకు చెబితే భారతీయ న్యాయ సంహిత 217, 248 సెక్షన్ల కింద మీరే ముద్దాయిలవుతారు. 15,000 కోసం కన్నకూతురి చేత అబద్ధపు వాంగ్మూలం ఇప్పిస్తారా? నిజంగా జరిగి ఉంటే అది వేరే విషయం, అప్పుడు డబ్బుతో ముడిపెట్టకుండా వెంటనే ఫిర్యాదు ఇవ్వండి.

ఇక సాక్ష్యం. 10,000 మీ ఖాతా నుంచి ఫోన్‌పేలో వెళ్లిందన్నారు. స్క్రీన్‌షాట్ చాలదు, బ్యాంకు నుంచి ముద్ర వేసిన స్టేట్‌మెంట్ తీసుకోండి. మిగతా 5,000 నగదుకు మీ దగ్గరున్నది 'అడ్వాన్స్ ముట్టింది' అని రాసిన అర కాగితం. దాని మీద తేదీ, సంతకం ఉన్నాయేమో చూడండి. అన్నిటికంటే బలమైనది వాట్సాప్‌లో యజమాని పంపిన వాయిస్ మెసేజ్. బాకీ ఉందని ఒప్పుకున్నది ఆయన గొంతే. ఆ ఫోను అమ్మవద్దు, చాట్ తుడిచేయవద్దు. ఫోను వంటి వాటిలోని ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ చెప్పే ధ్రువపత్రం జతచేస్తే అభ్యంతరానికి చోటు తగ్గుతుంది.

ఈ వారమే స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా, 15 రోజుల గడువిచ్చి నోటీసు పంపండి. డబ్బు రాకపోతే మీ పేరు, అమ్మాయి పేరు కలిపి ఫిర్యాదు వేయండి. విశాఖ దాకా రానక్కరలేదు. మీరు నివసించే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసినా మంచిదే గానీ, అది ఫిర్యాదుకు బదులు కాదు.

ముందుగా ఖాళీ చేసిన తేదీకి రుజువు వెతకండి. తాళం అప్పగించానని అమ్మాయి పంపిన మెసేజ్ గానీ, సామాను తెచ్చిన ఆటోకు ఫోనులో చేసిన చెల్లింపు గానీ, ఏది దొరికినా చాలు.