సారు రాసిన లెటరు మనం చూడొచ్చా?

తమ్ముడూ, అమెరికా యూనివర్సిటీ అప్లికేషన్‌లో "సార్లు రాసే సిఫార్సు లెటర్లు చూసే హక్కు వదులుకుంటున్నాను" అన్న గడి దగ్గర ఆగిపోయానన్నావు. వదులుకో. టిక్కు పెట్టి ముందుకు పో.

విద్యార్థుల రికార్డుల మీద 1974లో వచ్చిన ఫెర్పా అనే అమెరికా చట్టం ప్రకారం, ఆ హక్కు వదులుకోకపోతే, అమెరికా యూనివర్సిటీలో చేరాక మన ఫైల్లో దాచి ఉంచిన లెటర్లు చూడొచ్చు. సీటు రాకపోతే ఆ హక్కు లేదు. వదులుకుంటేనే సీటిస్తామని ఎవరూ అనకూడదు. మిగతావి యూనివర్సిటీ సైట్లో ఉంటాయి, చూసుకో. కాకపోతే, నువ్వు చదువుతావని తెలిస్తే సారు మొహమాటానికి రాశారేమోనని ఇక్కడ అడ్మిషన్లు చూసేవాళ్లకు అనుమానం వస్తుంది.

నా రోజుల్లో లెటర్లు పోస్టులో వెళ్లేవి. బరంపురంలో మా సారు కవరు అంటించి, అంటు మీద సంతకం చేసి చేతికిచ్చారు. నేను ఇంటికొచ్చి ఆవిరి పట్టి విప్పేశాను. పేజీ నిండా మెచ్చుకుని, చివర్లో "లెక్కల్లో దిట్ట, నలుగురిలో మాట్లాడాలంటే జంకుతాడు" అని రాశారు. కాళ్లు వణికాయి. అది పంపలేదు. నన్ను సరిగా ఎరగని ఇంకో సారు దగ్గర, నేనే రాసుకెళ్లిన కాగితం మీద సంతకం తీసుకున్నాను. సీటు రాలేదు. పర్లాకిమిడిలో కిరాణా కొట్టు మీద నాన్న కూడబెట్టిందంతా డాలర్ల ఫీజుల కింద పోయింది. అది తలచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు.

మరుసటేడు మొదటి సారు దగ్గరికే వెళ్లాను. ఈసారి కవరు విప్పలేదు. అసిస్టెంట్‌షిప్పుతో, అంటే డిపార్ట్‌మెంటులో పని చేస్తే జీతమిచ్చే ఏర్పాటుతో, సీటొచ్చింది. ఇవాళ మా డిపార్ట్‌మెంటులో అడ్మిషన్ల ఫైళ్లు చదివేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఉత్త పొగడ్తల లెటర్లు గబగబా తిప్పేస్తాం. కుర్రాడి లోటు కూడా చెప్పిన సారు మాట దగ్గర ఆగుతాం.

మీకిప్పుడు అన్నీ ఆన్‌లైనే, లింకు నేరుగా సారుకే వెళ్తుంది. సారుకి కాలేజీ ఈమెయిలు ఉంటే అదే ఇవ్వు. మనవైపు చాలామంది సార్లకు జీమెయిలే దిక్కు. అలాగైతే కాలేజీ పేరు అచ్చువేసిన లెటర్‌హెడ్ మీద రాయమను. "నువ్వే రాసుకొచ్చెయ్, సంతకం పెడతా" అంటే, మార్కులూ ప్రాజెక్టు కాగితాలూ చేతిలో పెట్టి, మీరే రాయండి సార్ అని బతిమాలు.

డబ్బు మాత్రం జాగ్రత్త. పదేసి చోట్ల అప్లై చేసే పిల్లల్ని చూస్తే నా గుండె గుబేలుమంటుంది. నాలుగైదు చాలు. సారు ఒప్పుకోకముందే ఫీజు కట్టకు. మినహాయింపు ఏమైనా ఉందేమో డిపార్ట్‌మెంటుకు ముందే మెయిలు పెట్టు. మీ నాన్నగారు ఎంత అప్పు చేస్తున్నారో కూడా నాకు రాయి.