నిర్బంధ గృహంలో కౌన్సెలర్‌గా చేరుతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

న్యాయస్థానం ఆదేశంతో నిర్బంధ గృహానికి వచ్చే బాలబాలికలకు కౌన్సెలర్‌గా చేరుతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఈ పనిలో చాలా కాలం గడిపినదాన్ని కనుక కొన్ని మాటలు ముందే చెబుతున్నాను.

మానసిక సమస్య ఆ గృహంలో ఏ ఒకరిద్దరికో ఉంటుందని అనుకోకు. షికాగోలోని బాలల నిర్బంధ కేంద్రంలో జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో మగపిల్లల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి, ఆడపిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి ఏదో ఒక రుగ్మత ఉన్నట్టు తేలింది. ఈ వయసులో కుంగుబాటు చాలాసార్లు కన్నీళ్లుగా కాక చిరాకుగా, ఎదురు తిరగడంగా బయటపడుతుంది. సిబ్బంది దానిని పొగరుగా నమోదు చేస్తారు. ఆ నమోదులను నువ్వు మళ్లీ చదవాలి.

బిడ్డ లోపలికి వచ్చిన తొలి గంటల్లోనే ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా, మృదువుగా అడుగు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. వాయిదా నుంచి తిరిగి వచ్చిన రోజున, ఇంటి నుంచి చెడు కబురు అందిన రోజున మళ్లీ అడుగు. అవును, కాదు అని జవాబిచ్చే 52 ప్రశ్నలతో పిల్లల మానసిక సమస్యల జాడను పట్టే మేసీ-2 వంటి ప్రశ్నావళి పావుగంటలో పూర్తవుతుంది గాని, అది జల్లెడ మాత్రమే. రోగ నిర్ధారణ కాదు. వెంటనే పరీక్షించే వైద్యులు అందుబాటులో లేకపోతే ఆ కాగితం వల్ల ఎవరికీ మేలు జరగదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది గోప్యత మీద. తాను చెప్పినది కేసు ఫైలులోకి వెళుతుందని అనుమానం వస్తే ఏ బిడ్డా నిజం చెప్పదు, చెప్పకపోవడంలో తప్పు కూడా లేదు. అందువల్ల, ఆ ప్రశ్నావళికి ఇచ్చిన జవాబులను నేరం రుజువు చేయడానికి వాడకూడదని అధికారులతో మొదటే రాతపూర్వకంగా ఒప్పించుకో. ప్రాణాపాయం ఉంటే మాత్రం ఇతరులకు చెప్పక తప్పదని బిడ్డకు సంభాషణ మొదట్లోనే, అర్థమయ్యే మాటల్లో వివరించు. చికిత్స చేసే మనిషే కోర్టుకు మదింపు నివేదిక రాయకూడదని నా దృఢమైన అభిప్రాయం. ఆ రెండూ నీకే అప్పగిస్తే మర్యాదగా, గట్టిగా అభ్యంతరం చెప్పు.

నిర్బంధంలో ఉన్న బాలల రక్షణ కోసం 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన హవానా నియమాలను దగ్గర ఉంచుకో. బాలలను శిక్షగా ఒంటరి గదిలో బంధించడాన్ని అవి నిషేధిస్తాయి. మందులను శిక్షగా గాని, అదుపు చేసే సాధనంగా గాని ఇవ్వరాదని స్పష్టంగా చెబుతాయి. ప్రమాదంలో ఉన్న బిడ్డకు కావలసింది ఖాళీ గది కాదు, పక్కన కూర్చునే మనిషి. పిల్లలతో రోజంతా గడిపేది కాపలా సిబ్బందే కాబట్టి వారికి శిక్షణ ఇప్పించు. హింసాత్మక సంఘటన తర్వాత వారి మనసు ఎలా ఉందో కూడా విచారించు.

నిర్బంధం అవసరం లేని పిల్లలు కూడా చికిత్స పేరుతో అక్కడికి చేరుతుంటారు. ఇంటికే వచ్చి, కొన్ని నెలలపాటు కుటుంబమంతటితో పనిచేసే చికిత్సా పద్ధతులు ఉన్నాయని న్యాయమూర్తికి తెలిసేలా చూడు.

విడుదల ఏర్పాట్లను బిడ్డ లోపలికి వచ్చిన వారంలోనే మొదలుపెట్టు. బయట చికిత్స చేయబోయే వ్యక్తి విడుదలకు ముందే ఒకసారి వచ్చి బిడ్డను కలవాలి. మొదటి అపాయింట్‌మెంట్ తేదీ, అప్పటివరకు సరిపడే మందులు, మోతాదులు రాసిన కాగితం బిడ్డ చేతికీ, ఇంటి పెద్దల చేతికీ అందాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ