ఊరికి పనికొచ్చే వ్యాపారం చేయాలంటే ముందు ఎక్కడ చేరాలి?

ప్రశ్న: బీకాం ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ఈమధ్య మా కాలేజీకి స్థానిక పారిశ్రామికవేత్త ఒకాయన వచ్చి మాట్లాడారు. చిన్న యూనిట్‌తో మొదలుపెట్టి ఇప్పుడు చుట్టుపక్కల చాలామందికి పని ఇస్తున్నారు, స్కూలుకు గదులు కూడా కట్టించారు. నాకూ అలాంటి వ్యాపారమే చేయాలని ఉంది. వెళ్లి కలిస్తే ‘నా దగ్గర చేరు, పని నేర్చుకుందువుగానీ’ అన్నారు, జీతం మాత్రం తక్కువ. క్యాంపస్‌లో పెద్ద కంపెనీ ఉద్యోగం కూడా వచ్చింది. ఇంట్లో అందులోనే చేరమంటున్నారు. ఫ్రెండ్స్ ఏమో సోషల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ (సమాజానికి పనికొచ్చే వ్యాపారం)లో ఎంబీఏ చేయమంటున్నారు. ఏం చేయాలో తోచట్లేదు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మూడింట్లో నా ఓటు ఆయన దగ్గర చేరడానికే. అయితే ఆయన ఉపన్యాసం నచ్చిందని మాత్రం చేరకు. వేదిక మీద ఎవరైనా బాగానే మాట్లాడతారు, పైగా కష్టాలు దాటి వచ్చినవాళ్లు ఇంకా బాగా మాట్లాడతారు.

స్కూలుకు గదులు కట్టించడం మంచి పనే, కాదనను. కాకపోతే అది లాభం వచ్చాక చేసిన పని. ఆ లాభం వచ్చే దారిలో ఎవరికి ఏం జరిగిందన్నది వేరే లెక్క, నువ్వు చూడాల్సింది ఆ లెక్క. ఆయనకు సరుకు ఇచ్చే చిన్నవాళ్లకు డబ్బు ఎన్నాళ్లకు అందుతోంది? వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తుతున్నారా, ‘సార్ మీటింగ్‌లో ఉన్నారు’ అంటున్నారా? హెల్పర్‌గా చేరినవాళ్లలో ఎవరైనా సూపర్‌వైజర్ దాకా ఎదిగారా, లేక పై పోస్టులన్నీ బంధువులవేనా? మానేసి వెళ్లినవాళ్లు ఆయన గురించి ఏమంటున్నారు? ఇవన్నీ ఆయన్ని అడిగితే తేలవు. సరుకు దించడానికి వచ్చే ఆటో డ్రైవర్‌ను అడిగితే పది నిమిషాల్లో తేలిపోతాయి.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇది కాస్త వివరంగానే చెప్పాలి. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ సర్వీసు నుంచి 58 ఏళ్లకు రిటైరై 1976లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. 11 పడకలు, అంతే. కీళ్లవాతంతో ఆయన చేతివేళ్లు అప్పటికే వంకర తిరిగిపోయాయి, ఆ వేళ్లతోనే ఆపరేషన్లు చేసేవారు. చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేసి ‘ఎంత త్యాగం’ అంటారు. నన్నడిగితే అసలు సంగతి ఆపరేషన్ థియేటర్ లోపల ఉంది. అక్కడ ఒక సర్జన్‌కు పక్కపక్కనే రెండు బల్లలు. ఒక బల్ల మీద శుక్లం తీస్తుండగానే రెండో బల్ల మీద తర్వాతి పేషెంట్‌ను నర్సులు సిద్ధం చేసి ఉంచుతారు, మొదటిది పూర్తికాగానే మైక్రోస్కోప్ అటు తిరుగుతుంది, డాక్టర్ టైమ్‌లో ఒక్క నిమిషం కూడా ఖాళీగా పోదు. డాక్టరే చేయాల్సిన అవసరం లేని పనులన్నీ పల్లెల నుంచి తీసుకొచ్చి శిక్షణ ఇచ్చిన అమ్మాయిలు చేస్తారు. దాంతో ఒక్కో ఆపరేషన్‌కు అయ్యే ఖర్చు దిగొచ్చింది, డబ్బు కట్టగలిగినవాళ్ల నుంచి వచ్చినదాంతోనే కట్టలేనివాళ్లకు ఉచితంగానో నామమాత్రపు ఫీజుకో చేయడం కుదిరింది. కంటిలో పెట్టే లెన్స్ విదేశాల నుంచి తెస్తే గిట్టుబాటు కావట్లేదని 1992లో ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు కూడా వాళ్లే తయారుచేసుకున్నారు. ఇందులో దాతృత్వం ఎక్కడ మొదలైంది, వ్యాపారం ఎక్కడ ఆగింది అని గీత గీయమంటే గీయలేవు. స్కూలు గదులకూ దీనికీ తేడా అది. గదులు కట్టడం ఎప్పుడైనా ఆపేయొచ్చు, ఇక్కడ ఉచిత వైద్యం ఆపాలంటే ఆసుపత్రి నడిచే పద్ధతినే మార్చాలి.

అలాగని ‘మంచి మోడల్’ అనే మాట వినగానే పొంగిపోకు. 1976లోనే ప్రొఫెసర్ ముహమ్మద్ యూనస్ బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో వెదురు పీటలు అల్లే ఒకామెను చూశారు. ముడిసరుకు కోసం వ్యాపారి దగ్గర అప్పు తీసుకోవాలి, తీసుకున్నందుకు పీటలు ఆయనకే, ఆయన చెప్పిన ధరకే అమ్మాలి, కాబట్టి రోజంతా అల్లినా మిగిలేది దాదాపు సున్నా. అలాంటివాళ్లు ఊళ్లో 42 మంది తేలారు, అందరికీ కలిపి కావాల్సింది 27 డాలర్లు. యూనస్ తన జేబులోంచే ఇచ్చారు. అదే 1983లో గ్రామీణ్ బ్యాంక్ అయింది, 2006లో నోబెల్ శాంతి బహుమతి తెచ్చింది. ఇప్పుడు రెండో సగం విను. అదే చిన్న అప్పుల పద్ధతిని లాభం కోసం పరుగుపెట్టే సంస్థలు అందిపుచ్చుకున్నాక, ఒకే ఇంటికి రెండు మూడు సంస్థలు అప్పులివ్వడం, వారం వారం గుమ్మంలో కూర్చుని వసూలు చేయడం మొదలై, ఆత్మహత్యల వార్తలు వచ్చి, 2010 అక్టోబరులో ఆ సంస్థలను కట్టడి చేయడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అప్పు చిన్నదే, తీసుకున్నది మహిళలే, బ్రోచర్‌లో రాసుకున్న మాటలు కూడా ఇంచుమించు అవే. తేడా అంతా వసూలు దగ్గర ఉంది. అందుకే ఏ వ్యాపారమైనా డబ్బు వచ్చేచోటా పోయేచోటా నిలబడి చూడమంటాను.

నువ్వు ఆ పారిశ్రామికవేత్త దగ్గర చేరాలని ఎందుకు అంటున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పెద్ద కంపెనీలో నీకిచ్చేది ఒక ముక్క పని. ఇన్‌వాయిస్‌లు సరిచూడటమే నీ పని అయితే రెండేళ్లూ అవే సరిచూస్తావు. చిన్న యూనిట్‌లో అయితే కొనడం, అమ్మడం, బాకీలు వసూలు చేయడం, జీతాల రోజున ఖాతాలో డబ్బు చాలకపోతే ఓనర్ ముందు ఎవరికి ఫోన్ చేస్తారు అన్నదీ కళ్లముందే జరుగుతుంది. ఆ చివరిది ఏ కోర్సులోనూ చెప్పరు, మనిషి ఎలాంటివాడో తెలిసేది కూడా అప్పుడే.

‘ముందు ఉద్యోగం చేస్తే ఊపు తగ్గిపోతుందేమో’ అని చాలామంది పిల్లలు నాతో అంటుంటారు. స్పెయిన్‌లో మోండ్రగాన్ అనే పట్టణం ఉంది. అక్కడికొచ్చిన ఒక యువ మతగురువు 1943లో చిన్న టెక్నికల్ స్కూల్ పెట్టించాడు. అందులో చదువుకున్న ఐదుగురు ఊళ్లోని కర్మాగారంలో ఏళ్ల తరబడి పనిచేసి, 1956లో గానీ సొంతంగా స్టవ్‌లు తయారుచేసే సంస్థ పెట్టలేదు. కార్మికులే యజమానులుగా ఉండే మోండ్రగాన్ సహకార సంస్థలకు మొదలు అదే. అంటే బడికీ సంస్థకూ మధ్య 13 ఏళ్లు. నీకు అంత అక్కర్లేదులే, రెండేళ్లు చాలు. ఆ స్టవ్‌ల సంస్థకు వారసురాలైన ఫాగోర్ గృహోపకరణాల కంపెనీ 2013లో దివాలా తీసిందన్నది కూడా గుర్తుపెట్టుకో, ఉద్దేశం మంచిదైనంత మాత్రాన మార్కెట్ ఎవరినీ వదిలిపెట్టదు.

ఎంబీఏ సంగతి. ఇప్పుడు వద్దు. రెండేళ్లు పనిచేశాక నీకు నిజంగా తెలియనిదేదో నీకే తెలుస్తుంది, అప్పుడు దానికోసం వెళ్లు, ఫీజు గిట్టుబాటవుతుంది.

ఈలోగా నీ సొంత ఆలోచన ఏదైనా ఉంటే సంస్థ, లోగో, విజిటింగ్ కార్డుల జోలికి పోకుండా పదిమందికి అమ్మి చూడు. కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగనాథం తక్కువ ధరలో శానిటరీ ప్యాడ్లు చేద్దామని దూదితో మొదలుపెట్టి, అది పనిచేయక, పెద్ద కంపెనీలు వాడేది చెక్క గుజ్జులోంచి తీసిన సెల్యులోజ్ అని తెలుసుకునేసరికి ఏళ్లు గడిచాయి. నాకు ఆయనలో నచ్చేది ఆ పట్టుదలకన్నా తర్వాత తీసుకున్న నిర్ణయం. ప్యాడ్ల ఫ్యాక్టరీ పెట్టి తానే కోట్లు సంపాదించొచ్చు. ఆయన మాత్రం ప్యాడ్లు తయారుచేసే యంత్రాన్ని మహిళా సంఘాలకు అమ్మారు, ఎక్కడివాళ్లు అక్కడే తయారుచేసి సొంత బ్రాండ్ పేర్లతో అమ్ముకుంటున్నారు. ఏం అమ్మాలన్నదే కాకుండా లాభం ఎవరి చేతిలో మిగలాలన్నది కూడా ఓనరే తేల్చుకుంటాడు, నువ్వూ ఒకరోజు తేల్చుకోవాల్సిందే.

ఇంట్లోవాళ్ల భయాన్ని తీసిపారేయకు. అమ్మానాన్నలకు ‘వ్యాపారం నేర్చుకుంటా’ అనే మాట చివరా మొదలూ లేనట్టు వినిపిస్తుంది. రెండేళ్లు అని గడువు పెట్టి చెప్పు, ఆ రెండేళ్లలో ఇంటిమీద ఆధారపడకుండా ఆ జీతంతో ఎలా నెట్టుకొస్తావో కాగితం మీద లెక్క రాసి చూపించు. ఇంటికి నీ జీతం వెంటనే అవసరమైతే, అప్పులుంటే, అప్పుడు నా సలహా మారిపోతుంది: క్యాంపస్ ఉద్యోగంలోనే చేరు, శనివారాలు మీ ఊరి పారిశ్రామికవేత్త యూనిట్‌కు వస్తానని అడుగు. అందులో తప్పేమీ లేదు.

ఇక షరతులు. ‘నేర్చుకుందువుగానీ’ అనే మాట చాలా సాగుతుంది, దాని కింద రెండేళ్లు ఫైళ్లు మోయించినవాళ్లూ ఉన్నారు. అందుకని ఆయన్ని మళ్లీ కలిసి, మొదటి ఆర్నెల్లు కొనుగోళ్లు, తర్వాత ఆర్నెల్లు అమ్మకాలు, రెండో ఏడాది లెక్కలూ వసూళ్లూ చూడనిస్తారా అని మర్యాదగా అడుగు. జీతం ఎంత, ఏ తేదీకి, ఎప్పుడు పెంచుతారు అన్నవి కూడా. వీటిని ఒక చిన్న ఆఫర్ లెటర్‌లో రాసిమ్మను. మంచి ఓనర్ దీనికి నొచ్చుకోడు, పైగా ముచ్చటపడతాడు. ‘మన మధ్య కాగితాలెందుకమ్మా’ అని నవ్వేస్తే మాత్రం ఆలోచించు. ఆ లెటర్ చేతికొచ్చేదాకా క్యాంపస్ ఆఫర్‌కు ‘రాను’ అని మెయిల్ పెట్టకు, జాయినింగ్ తేదీకి ఇంకా ఎంత టైమ్ ఉందో ఈరోజే చూసుకో.