టెక్ సందేహాలు: తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ఈ విడతలో వచ్చిన ప్రశ్నల్లో చాలావాటిది ఒకటే దిగులు. ఇన్నేళ్లుగా ఫోన్లకూ యాప్‌లకూ మనం అప్పగించిన సమాచారం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, రేపు ఎవరి చేతికి పోతుంది? అర్థం లేని దిగులు కాదిది. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే విడతకు ఉంచి, ఈసారి దీని గురించే రాస్తున్నాను.

ప్రశ్న: గోప్యత విషయంలో ఏ కంపెనీని నమ్మవచ్చు? యాపిల్ వాడితే నిశ్చింతగా ఉండవచ్చని కొందరు, అన్నీ ఆ తానులోని ముక్కలేనని కొందరు అంటున్నారు. మీ అభిప్రాయం సూటిగా చెప్పండి.

జవాబు: ముందుగా ఆ కంపెనీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. గూగుల్‌కూ, ఫేస్‌బుక్, వాట్సాప్‌ల యజమాని అయిన మెటాకూ వచ్చే రాబడిలో ప్రధాన భాగం ప్రకటనలది. మన గురించి ఎంత ఎక్కువ తెలిస్తే ప్రకటన అంత మంచి ధరకు అమ్ముడుపోతుంది కనుక, సమాచారం పోగుచేయడమే వాటి వ్యాపారానికి పునాది. యాపిల్‌కు ప్రధానంగా పరికరాల అమ్మకం మీద గడుస్తుంది. కాబట్టే 2021 ఏప్రిల్‌లో ఐఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5 విడుదల చేసినప్పుడు, ఇతర కంపెనీల యాప్‌లలోనూ వెబ్‌సైట్లలోనూ మన జాడ పట్టుకోదలచిన ప్రతి యాప్ ముందుగా మన అనుమతి అడిగి తీరాలన్న నిబంధనను అది పెట్టగలిగింది. ఆ మార్పు వల్ల 2022లో తన రాబడికి సుమారు 1,000 కోట్ల డాలర్ల గండి పడవచ్చని మెటాయే అంచనా వేసుకుంది. తెర మీద కనిపించే ఒక చిన్న పెట్టెలో మనం నొక్కే "వద్దు"కు ఉన్న విలువ అది.

అలాగని యాపిల్‌ను కళ్లు మూసుకుని నమ్మమని చెప్పను. ఐఫోన్లలో మన మాట విని పనిచేసే సహాయకురాలు సిరితో జనం మాట్లాడిన మాటల్లో కొన్నింటిని కాంట్రాక్టు ఉద్యోగులు వింటున్నారని 2019లో బయటపడినప్పుడు, ఆ సంస్థ క్షమాపణ చెప్పి, ఇకపై వినియోగదారుడు ఒప్పుకుంటేనే రికార్డింగులు ఉంచుకుంటామని పద్ధతి మార్చుకోవలసి వచ్చింది. యాపిల్ ఆన్‌లైన్ నిల్వ అయిన ఐక్లౌడ్‌లో దాచుకున్న ఫొటోలనూ బ్యాకప్‌లనూ యాపిల్ సైతం తెరవలేని విధంగా భద్రపరిచే "అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్" అనే సదుపాయాన్ని, బ్రిటన్ ప్రభుత్వం ఆ సమాచారం తనకు అందుబాటులో ఉండాలని ఆదేశించినట్టు వార్తలు వచ్చిన కొద్ది రోజులకే, 2025 ఫిబ్రవరిలో ఆ దేశంలో ఉపసంహరించుకుంది. కంపెనీ మంచిదే అయినా, అది ఏదో ఒక దేశపు చట్టం కింద ఉంటుంది.

నాకు అన్నిటికంటే కష్టం కలిగించే ఉదంతాలు వేరే ఉన్నాయి. రక్షణ కోసమని మనం ఇచ్చినదానితోనే డబ్బు చేసుకున్న కంపెనీలవి. రెండంచెల భద్రత కోసమని జనం ఇచ్చిన ఫోన్ నంబర్లనూ ఈమెయిల్ చిరునామాలనూ ట్విట్టర్ ప్రకటనలకు వాడుకుంది. దానికి 2022 మే నెలలో అమెరికా ప్రభుత్వానికి 15 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. వైరస్‌ల నుంచి, వెంటాడే ప్రకటనల నుంచి కాపాడతానన్న అవాస్ట్, తన వినియోగదారులు ఏయే వెబ్‌సైట్లు చూశారో ఆ చిట్టాను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా 100కు పైగా సంస్థలకు అమ్మింది. ఆ వ్యవహారంలో 2024లో 1.65 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. కాపలా ఉంటానని వచ్చినవాడే ఇంటి గుట్టు అమ్ముకుంటే, జరిమానా ఎంతయినా ఆ నమ్మకం తిరిగిరాదు.

కనుక కంపెనీ ఏం మాట ఇచ్చిందన్నదాని కంటే, దాని దగ్గర ఏం ఉందన్నదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. 2016లో అమెరికాలో ఒక దర్యాప్తు సందర్భంగా, సిగ్నల్ అనే సందేశాల యాప్ నిర్వాహకులను వినియోగదారుల సమాచారం ఇవ్వమని ఆదేశించారు. వాళ్లు ఇవ్వగలిగినవి రెండే రెండు: ఖాతా తెరిచిన సమయం, చివరిసారిగా సర్వర్‌కు అనుసంధానమైన తేదీ. వాళ్ల దగ్గర ఇంకేమీ లేదు. నా దృష్టిలో గోప్యతకు ఇంతకుమించిన యోగ్యతాపత్రం లేదు.

ప్రశ్న: వాట్సాప్ సందేశాలు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో ఉంటాయంటారు. అయితే మెటా వాటిని చదవజాలదనే అనుకోవచ్చా?

జవాబు: సందేశంలోని విషయం వరకూ అలాగే అనుకోవచ్చు. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో వ్యక్తిగత సందేశాలన్నీ, సిగ్నల్ రూపొందించిన పద్ధతిలోనే, పంపినవారి ఫోన్‌లో తాళం పడి అందుకున్నవారి ఫోన్‌లోనే తెరుచుకుంటున్నాయి. దారిలో ఉన్న సర్వర్‌కు కనిపించేది అర్థం కాని అక్షరాల ముద్ద మాత్రమే.

అయితే మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఉత్తరం లోపలి రాత కనిపించకపోయినా కవరు మీది చిరునామా కనిపించినట్టే, ఎవరితో, ఎప్పుడు, ఏ ఫోన్ నుంచి మాట్లాడారన్న వివరాలు సంస్థకు అందుతాయి. ఒక మనిషి అర్ధరాత్రి వేళ ఒక వైద్యుడికి వరుసగా సందేశాలు పెట్టాడని తెలిస్తే, లోపల ఏం రాశాడో చదవనక్కర లేకుండానే చాలా అర్థమవుతుంది. రెండోది, ఎవరైనా మీ మీద ఫిర్యాదు చేస్తే, వాళ్లకు మీరు పంపిన చివరి ఐదు సందేశాలు వాట్సాప్‌కు చేరతాయి. మూడోది చాలామంది పట్టించుకోనిది, నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది: బ్యాకప్. గూగుల్ డ్రైవ్‌లోకో ఐక్లౌడ్‌లోకో వెళ్లే బ్యాకప్‌కు ఈ రక్షణ దానంతటది వర్తించదు. 2021 అక్టోబరులో వాట్సాప్ ఈ సదుపాయం తెచ్చింది కానీ, దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. సెట్టింగ్స్‌లో చాట్స్, చాట్ బ్యాకప్ అన్న చోటికి వెళితే "ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్" కనిపిస్తుంది. అక్కడ పెట్టుకున్న పాస్‌వర్డ్ మరిచిపోతే బ్యాకప్‌ను వాట్సాప్ కూడా తెరిచి ఇవ్వలేదు కాబట్టి, దాన్ని కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగా దాచుకోండి. మీతో మాట్లాడే అవతలివాళ్లు ఆన్ చేసుకోకపోతే, అదే సంభాషణ వాళ్ల బ్యాకప్‌లో రక్షణ లేకుండానే ఉంటుంది. ఇంట్లోవాళ్లకూ చెప్పండి.

ప్రశ్న: క్రోమ్ బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో కిటికీలో వెతికితే ఎవరికీ తెలియదు కదా?

జవాబు: మీ తర్వాత అదే కంప్యూటర్ ముందు కూర్చునేవారికి తెలియదు. అంతే. ఆ కిటికీ మూసేయగానే చూసినవాటి చరిత్ర, మనల్ని గుర్తుపట్టడానికి వెబ్‌సైట్లు మన కంప్యూటర్‌లో ఉంచే కుకీలు చెరిగిపోతాయి. మీరు చూసిన వెబ్‌సైట్‌కూ, ఇంటర్నెట్ అందించే సంస్థకూ, ఆఫీసు నెట్‌వర్క్‌ను చూసుకునేవారికీ మీ రాకపోకలు యథావిధిగా తెలుస్తూనే ఉంటాయి. ఆ పేరు చూసి మోసపోయింది మీరొక్కరే కాదు. దీని మీద 2020లో అమెరికాలో గూగుల్ మీద దావా పడింది. చివరకు ఇన్‌కాగ్నిటోలో తిరిగిన జనానికి సంబంధించిన కోట్లాది రికార్డులను చెరిపేస్తామని గూగుల్ ఒప్పుకున్నట్టు 2024 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. ఆ కిటికీ తెరవగానే కనిపించే హెచ్చరికలో మాటలు కూడా అదే ఏడాది మార్చారు. ఒకసారి ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: బ్యాంకు స్టేట్‌మెంట్, గుర్తింపు కార్డు వంటివి పంపవలసి వచ్చినప్పుడు నంబర్ల మీద నల్ల పట్టీ వేసి పంపుతున్నాను. అది సరిపోతుందా?

జవాబు: ఎలా వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ మధ్యే ఒక స్నేహితుడు నాకు అలాంటి పీడీఎఫ్ ఒకటి పంపాడు. ఖాతా నంబరు మీద, చిరునామా మీద చక్కగా, అంచులు కలిసేలా నల్ల పట్టీలు వేసి ఉన్నాయి. ఫైలు తెరిచి, పేజీ మొత్తాన్ని ఎంపిక చేసి, కాపీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో అతికించాను. పట్టీలు మాయమై, ఖాతా నంబరు అంకె పొల్లుపోకుండా వచ్చి పడింది. ఆ అంకెలను వాడికే తిరిగి పంపితే కాసేపు నమ్మలేకపోయాడు.

జరిగింది ఇది. పీడీఎఫ్‌లో అక్షరాలు ఒక పొరగా ఉంటాయి. మనం గీసిన నల్ల పట్టీ దాని మీద మరో పొరగా కూర్చుంటుంది. కంటికి కింది పొర కనిపించదు కానీ, ఫైల్లో అది ఎక్కడికీ పోదు. సామాన్యులే కాదు, న్యాయవాదులు కూడా ఈ పొరపాటు చేశారు: 2019 జనవరిలో అమెరికాలో ట్రంప్ ఎన్నికల ప్రచారానికి ఒకప్పుడు సారథ్యం వహించిన పాల్ మనాఫోర్ట్ తరఫు న్యాయవాదులు కోర్టుకు ఇచ్చిన పత్రంలో నల్లగా కప్పిన భాగాలను, ఇదే కాపీ పద్ధతిలో విలేకరులు చదివేశారు.

ఫోన్‌లో ఫొటో మీద వేలితో గీసే హైలైటర్ గీతను కూడా నమ్మకండి. అది కొంత పారదర్శకంగా ఉంటుంది. ఫొటో వెలుతురునూ కాంట్రాస్ట్‌నూ పెంచితే అడుగున ఉన్న అంకెలు తేలిరావచ్చు. కత్తిరించిన స్క్రీన్‌షాట్లకూ ఒకప్పుడు ప్రమాదం ఉండేది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలోని మార్కప్ ఉపకరణంతో కత్తిరించిన చిత్రాల నుంచి తీసేసిన భాగాన్ని కొంతవరకు తిరిగి రాబట్టవచ్చని 2023 మార్చిలో పరిశోధకులు బయటపెట్టారు. విండోస్ 11లోని స్నిప్పింగ్ టూల్‌లోనూ ఇటువంటి లోపమే కనిపించింది. రెండింటినీ సరిదిద్దారు. కానీ అంతకుముందు ఎక్కడెక్కడో పెట్టేసిన బొమ్మలు అలాగే ఉన్నాయి.

మరి ఏం చేయాలి? కాగితం మీది పత్రమైతే, దాచవలసిన అంకెల మీద మందపాటి కాగితం ముక్క పెట్టి ఫొటో తీయండి. నాకు తెలిసినంతలో ఇంతకంటే భద్రమైన పద్ధతి లేదు, ఎందుకంటే కెమెరా చూడనిది ఫైల్లో ఉండే అవకాశమే లేదు. పీడీఎఫ్ అయితే, నిండుగా ఉండే నల్ల పట్టీలు వేసి, ఆ పేజీని స్క్రీన్‌షాట్‌గానో చిత్రంగానో మార్చి, ఆ చిత్రాన్నే పంపండి. పంపే ముందు నేను పైన చెప్పిన కాపీ పరీక్షను మీ ఫైలు మీద మీరే చేసి చూసుకోండి. మామూలు ఫొటోల విషయంలో ఇంకొకటి: ఫోన్ కెమెరా చాలాసార్లు ఫొటో లోపల, అది తీసిన ప్రదేశపు అక్షాంశ రేఖాంశాలను కూడా రాసి ఉంచుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అవి తొలగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళతాయి.

ప్రశ్న: మా అమ్మగారి వైద్య పరీక్షల రిపోర్టులను ఏఐ చాట్‌బాట్‌కు ఇచ్చి అర్థం చెప్పించుకుంటున్నాను. ఇందులో ప్రమాదం ఉందా?

జవాబు: మీ ఆరాటం నాకు అర్థమైంది, ఆ పని మానేయమని చెప్పను. కానీ ఇచ్చే తీరు మార్చుకోండి. రిపోర్టును ఫొటో తీసి ఎక్కిస్తే, మీకు కావలసిన నాలుగు అంకెలతో పాటు అమ్మగారి పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి పేరు, రోగి సంఖ్య, వైద్యుడి సంతకం అన్నీ వెళతాయి. అర్థం చెప్పడానికి వాటిలో ఒక్కటీ అవసరం లేదు. వయసు, స్త్రీ అన్న సంగతి, పరీక్ష పేరు, ఫలితం, పక్కన ముద్రించిన సాధారణ పరిమితి, ఇవి టైపు చేస్తే చాలు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, అక్కడ రాసినది ఎంతకాలం ఉంటుందో మన చేతిలో లేదు. 2023 మార్చిలో ఒక లోపం కారణంగా చాట్‌జీపీటీ కొందరి సంభాషణల శీర్షికలను వేరేవాళ్లకు చూపించింది. 2025 మే నెలలో, ఒక కాపీరైట్ దావాలో అమెరికా కోర్టు ఇచ్చిన ఉత్తర్వు వల్ల, వినియోగదారులు చెరిపేసిన సంభాషణలను కూడా చాట్‌జీపీటీ తయారీ సంస్థ ఓపెన్‌ఏఐ కొన్ని నెలల పాటు దాచి ఉంచవలసి వచ్చింది. చెరిపేశామనుకున్నవారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? వైద్యుడితోనో న్యాయవాదితోనో మాట్లాడితే దక్కే చట్టపరమైన రక్షణ చాట్‌బాట్‌తో మాట్లాడితే లేదని ఆ సంస్థ అధిపతి శామ్ ఆల్ట్‌మనే అదే ఏడాది జులైలో అన్నారు. సెట్టింగ్స్‌లో మీ సంభాషణలను ఏఐ శిక్షణకు వాడుకోనిచ్చే మీట ఉంటుంది, ముందు దాన్ని ఆపండి. ఆఫీసు పత్రాల విషయంలో మాత్రం నా మాట కాస్త కఠినంగానే ఉంటుంది: అవి మీ సొంతం కావు, యాజమాన్యం అనుమతించిన ఉపకరణంలో తప్ప మరెక్కడా పెట్టకండి. 2023లో శామ్‌సంగ్ ఉద్యోగులు తమ సంస్థ సాఫ్ట్‌వేర్ అసలు రాత అయిన సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టడంతో, ఆ కంపెనీ ఇటువంటి ఉపకరణాల వాడకాన్నే నిషేధించింది.

ప్రశ్న: పాత ఫోన్ అమ్మేటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే చాలా?

జవాబు: ఇటీవలి సంవత్సరాల ఐఫోన్, ఆండ్రాయిడ్ ఫోన్లకు చాలు. వాటిలో సమాచారమంతా తాళం వేసిన రూపంలోనే ఉంటుంది. రీసెట్ చేసినప్పుడు ఆ తాళంచెవి నాశనమైపోతుంది కనుక, మిగిలిన ముద్దతో ఎవరూ ఏమీ చేయలేరు. రీసెట్‌కు ముందు గూగుల్ లేదా యాపిల్ ఖాతా నుంచి బయటికి రండి, ఓటీపీ సంకేతాలు చూపే ఆథెంటికేటర్ యాప్‌ను కొత్త ఫోన్‌లోకి మార్చుకోండి. సిమ్‌తో పాటు మెమరీ కార్డును కూడా బయటికి తీయండి. చాలా ఫోన్లలో కార్డులోని ఫొటోలకు ఆ తాళం ఉండదు, రీసెట్ చేసినా అవి కార్డులో అలాగే ఉంటాయి.