ఎవరి చెవిన పడాలని రాస్తున్నావు?

చిరంజీవికి ఆశీస్సులు.

నిర్వాసితుల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. అందులోని కోపం నిజమైనదే, సందేహం లేదు. కానీ ఆ కోపం ఎవరితో మాట్లాడుతోందో చివరిదాకా తేలలేదు. అది తేల్చుకోవాలంటే తొలినాటి అమెరికన్ రచనలు చదవమంటాను.

1776 జనవరిలో ఫిలడెల్ఫియాలో రచయిత పేరు లేకుండా వెలువడిన, బ్రిటిష్ రాజు పాలన నుంచి అమెరికా విడిపోవాలన్న ‘కామన్ సెన్స్’ కరపత్రాన్ని ముందు చూడు. దాన్ని రాసిన థామస్ పేన్, సుంకాల శాఖలో చిన్న ఉద్యోగం పోగొట్టుకుని ఇంగ్లండు నుంచి వచ్చినవాడు; అప్పటికి వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు. లాటిన్ సూక్తులతో పండితులను మెప్పించే జోలికి పోకుండా, జనానికి బాగా తెలిసిన బైబిల్ నుంచే, తమకు రాజు కావాలన్న ఇశ్రాయేలీయులను ప్రవక్త సమూయేలు హెచ్చరించిన కథను తీసుకుని రాజరికాన్ని నిలదీశాడు. ఒకరు చదువుతుంటే అక్షరం రానివాడికి కూడా బోధపడే వాదం అది.

అయినా నాకు డేవిడ్ వాకర్ మీదే గురి ఎక్కువ. బోస్టన్‌లో పాత బట్టల దుకాణం నడిపిన ఈ నల్లజాతి రచయిత 1829లో బానిసత్వాన్ని ఎదిరించే తన ‘అప్పీల్’ పుస్తకం అచ్చు వేయించి, ఓడల్లో పనిచేసే నావికుల ద్వారా అమెరికా దక్షిణాది రేవులకు చేరవేశాడు. అక్కడి బానిసల్లో అత్యధికులకు చదువు రాదని ఆయనకు తెలుసు కాబట్టి, చదవలేనివారు ఎవరిచేతనైనా చదివించుకుని వినాలని ఆ పుస్తకంలోనే కోరాడు. పుటలు తిరగేస్తే పెద్దక్షరాలు, వరుసగా ఆశ్చర్యార్థకాలు, వేలు చూపే చేతి బొమ్మలు కనిపిస్తాయి. చదివేవాడి గొంతు ఎక్కడ హెచ్చాలో అవే చెబుతాయి. (ఆశ్చర్యార్థకాలు ఆయనకు చెల్లాయి, నువ్వు కాస్త తగ్గించుకో.) చివర్లో, మనుషులందరూ సమానులన్న స్వాతంత్ర్య ప్రకటన వాక్యాలను యథాతథంగా ఎత్తి రాసి, మీ భాష మీకే అర్థమవుతోందా అని అమెరికన్లను అడుగుతాడు. తిట్టు కంటే ఆ ప్రశ్నే ఎక్కువ గుచ్చుకుంటుంది, ఎందుకంటే వాళ్లు కాదనలేని వాళ్ల మాటే అక్కడ సాక్ష్యం. జార్జియాలోని సవానా రేవులో 60 ప్రతులు పట్టుబడ్డాయి. తిరుగుబాటును రెచ్చగొట్టే రాతలు పంచితే మరణశిక్ష అని ఆ రాష్ట్రం చట్టమే చేసింది.

ఇక నీ వ్యాసం సంగతి. పునరావాసంపై సర్కారు ఉత్తర్వులో ఉన్న హామీని నువ్వు ఫుట్‌నోట్‌లో పడేశావు. దాన్ని పైకి తెచ్చి మొదటి పేరాలో పెట్టు. నిందలు సగానికి సగం కొట్టెయ్యి. తర్వాత ఆ నిర్వాసితుల కాలనీలోనే ఎవరిచేతనైనా బిగ్గరగా చదివించి, విన్నవాళ్లు ఎక్కడ అడ్డుతగిలారో రాసుకుని, తిరగరాసిన ప్రతి నాకు పంపు.