జవాన్ల జిమ్‌కి ట్రెడ్‌మిల్ వరసలు అక్కర్లేదు

ప్రశ్న: నేను సివిల్ ఇంజినీర్ని, మాది చిన్న కన్‌స్ట్రక్షన్ కంపెనీ. విశాఖలో రక్షణ సిబ్బంది కోసం మోడర్న్ ఫిట్‌నెస్ సెంటర్ కట్టే పని సబ్ కాంట్రాక్టుగా మాకు వచ్చేలా ఉంది. ఊళ్లో ఓ పెద్ద జిమ్ చూసొచ్చి రెండంతస్తుల్లో ప్లాన్ గీశాం: ట్రెడ్‌మిల్ వరసలు, మెషిన్లు, చుట్టూ అద్దాలు, ఫుల్ ఏసీ. మా మావయ్య రిటైర్డ్ సుబేదార్, అది చూసి "ఇది పెళ్లికొడుకుల జిమ్మురా, ఫౌజీలది కాదు" అన్నారు. నిజమేనా?
— ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: నూటికి నూరుపాళ్లు నిజం. బయట జిమ్‌కి పొద్దున్నుంచి రాత్రి దాకా మనుషులు వస్తూ పోతూ ఉంటారు, ఒక మెషిన్ ఖాళీ లేకపోతే ఫోన్ చూసుకుంటూ ఆగుతారు. ఇక్కడ అలా కుదరదు. పీటీ టైమ్‌కి ఒక ప్లటూన్, అంటే ఇంచుమించు ముప్పై మంది, ఒకేసారి దిగుతారు, టైమ్‌కి ముగించుకుని డ్యూటీకి పోవాలి. మెషిన్లు ఎన్ని పడతాయన్నది తర్వాత, అంతమంది ఒకేసారి కదలడానికి చోటుందా అన్నది ముందు చూడండి.

పరుగుకి బయట గ్రౌండ్ ఉంది కదా! మన ఆర్మీ ఏళ్లుగా పెడుతూ వచ్చిన ఒంటి సత్తా పరీక్ష బీపీఈటీలో ఉన్నవేమిటి? రైఫిల్, సామాను మోస్తూ 5 కిలోమీటర్ల పరుగు, 60 మీటర్ల స్ప్రింట్, నిలువు తాడు ఎక్కడం, అడ్డంగా కట్టిన తాడు మీద పాకడం, 9 అడుగుల గుంత దూకడం. కూర్చుని చేసే మెషిన్ దీనికి పెద్దగా పనికిరాదు. కాబట్టి పుల్ అప్ బార్లు వరసగా, ఎక్కువగా పెట్టండి, తాళ్లు వేలాడదీయండి. తాడు అంటే పైకప్పు ఎత్తు కావాలి, మనిషి ఊగుతుంటే పడే బరువు కూడా ఆ బీమే మోయాలి. ఆ సంగతి స్ట్రక్చరల్ డిజైన్ చేసేవాళ్లకి ఇప్పుడే చెప్పండి, కట్టేశాక స్లాబ్‌కి డ్రిల్లు పెట్టి హుక్కులు బిగించే పని మాత్రం వద్దు.

అమెరికా ఆర్మీ కూడా 1980 నుంచి పుష్ అప్స్, సిట్ అప్స్, 2 మైళ్ల పరుగుతోనే నెట్టుకొచ్చింది. 2022 అక్టోబరు నుంచి లెక్కలోకి వచ్చిన కొత్త టెస్టులో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుని పట్టుకుని నిటారుగా లేవడం), బరువు కట్టిన స్లెడ్‌ని, అంటే చక్రాల్లేని బండిని, వెనక్కి లాగడం, రెండు చేతుల్లో దాదాపు 18 కిలోల చొప్పున కెటిల్‌బెల్స్ (పైన పిడి ఉన్న ఇనప గుండ్లు) పట్టుకుని పరిగెత్తడం చేర్చారు, ఎందుకంటే గాయపడ్డ తోటి సైనికుడిని లాక్కెళ్లడానికీ మందుగుండు పెట్టెలు మోయడానికీ సిట్ అప్స్‌లో వచ్చే మార్కులు సాయం చేయవు. 2025 జూన్‌లో దాన్నీ మార్చి, బంతి విసిరే అంశం తీసేశారు, కానీ డెడ్‌లిఫ్ట్‌నీ స్లెడ్‌నీ ముట్టుకోలేదు. ఆ స్లెడ్ లాగే లేన్ పొడవు 25 మీటర్లు. మీ ప్లాన్‌లో అంత ఖాళీ లేన్ ఎక్కడైనా ఉందా?

రెండో అంతస్తు మానేయండి. బరువులు కింద పడేస్తారు, పడేయకుండా ఉండరు, పైన అది జరిగితే కింద కూర్చున్నవాళ్ల తల తిరుగుతుంది. నేల మీదే కాంక్రీటు, దాని పైన మందపాటి రబ్బరు టైల్స్.

విశాఖ అన్నారు కాబట్టి తుప్పు సంగతి కూడా చూడాలి. ఉప్పు గాలికి మామూలు ఇనప బార్లు ఇట్టే ఎర్రబడతాయి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి గానీ మంచి జింక్ పూతవి గానీ అడగండి. ఏసీ హాలు చల్లగా ఉండగా ఆపేసి తలుపులు తీస్తే తేమ వచ్చి ఆ చల్లటి ఇనుము మీదే చేరుతుంది. ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, పెద్ద సైజు ఫ్యాన్లు మేలు. అద్దాలు ఒక గోడకి చాలు (కుర్రాళ్లు ఎలాగూ సెల్ఫీలు తీసుకుంటారు, ఆ ముచ్చట కూడా తీరనివ్వండి).

అలా మిగిలిన డబ్బుతో ఒక ఫిజియోథెరపీ గది కట్టండి. అలవాటు లేని శరీరాన్ని ఒక్కసారిగా ఎక్కువ పరిగెత్తిస్తే కాలి ఎముకలో సన్న పగుళ్లు వస్తాయి, కొత్తగా చేరినవాళ్లలో ఇది మామూలే. అందుకే నాలుగైదు ట్రెడ్‌మిల్స్ మాత్రం ఉంచండి, కోలుకుంటున్నవాళ్లు వేగం కొలిచి మెల్లగా మొదలెట్టడానికి పనికొస్తాయి.

మళ్లీ ప్లాన్ గీసే ముందు ఆ యూనిట్ పీటీ ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడే వీలుందేమో కనుక్కోండి, వాళ్ల టెస్టులు ఏమిటో అడగండి. నేవీ వాళ్ల పని ఆర్మీ పనిలా ఉండదు, ఓడలో నిటారు నిచ్చెనలు ఎక్కాలి, మంటలార్పే గొట్టాలు మోయాలి. టెండర్‌లో ట్రెడ్‌మిల్స్ సంఖ్య ముందే రాసేసి ఉంటే మీ అంతట మీరు తగ్గించకండి, బిల్లు దగ్గర చిక్కొస్తుంది. మెయిన్ కాంట్రాక్టర్ ద్వారా రాతపూర్వకంగా మార్పు అడగండి, ఒప్పుకున్నట్టు కాగితం చేతికొచ్చాకే ఆర్డర్ పెట్టండి.